కుడి పక్క నొప్పి

14 మార్చి 2025, శుక్రవారం. ఎల్లారెడ్డి

కృప ఉపవాసం మధ్యలోనే విడిచింది. ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమకాలంలో శుక్రవారం సాయంత్రం ప్రార్థన అయ్యేదాకా ఈ ఇంట్లో పొయ్యి వెలగదు. మా అత్తగారి నాటి నియమం, నేను కోడలిగా వచ్చిన మొదటి ఏడు నుంచీ తప్పలేదు. మధ్యాహ్నం వంటింట్లో డబ్బా చప్పుడైతే వెళ్లి చూశాను. నా మనుమరాలు గోడకు ఆనుకుని, ఒక చేత్తో పొత్తికడుపు పట్టుకుని, ఇంకో చేత్తో అటుకులు నములుతోంది.

"ఏంది కృపా గిది?"

"కడుపుల నొస్తుందవ్వా. ఆకలి నొప్పేమోనని జర్ర తిని చూస్తున్న."

"ఏడ నొస్తుంది?"

"కుడి పక్కకు. కిందికి."

"ఆకలి ఒక్క పక్కకే అయితదా?"

"లెక్కల టీచరువు నువ్వు. నువ్వే చెప్పు."

జవాబులు ఇలా ఉంటాయి. కామారెడ్డిలో డిగ్రీ రెండో సంవత్సరం. రోజూ బస్సులో పోయి వచ్చేసరికి నాలుక పదునెక్కింది. ఉపవాసం తప్పించుకోవడానికి నొప్పి అంటోందని అనుకున్నాను. వాళ్లమ్మ అనిల, "పోయిన నెల గూడ గిట్లనే అన్నదత్తమ్మా, రెండు పూటలకు తగ్గింది" అంది. కోడళ్లు తమ పిల్లలను వెనకేసుకొస్తారు.

15 మార్చి

కొద్దిగా తగ్గిందట. ఉపవాసమే. నేను అనుకున్నదే.

20 మార్చి, గురువారం

తగ్గలేదు. తగ్గిందని చెప్పి కాలేజీకి పోతోందని అనిల ఇవాళ చెప్పింది. బరువుగా, లాగినట్టుగా, కుడి వైపే ఉందట. బస్సు గుంతలో పడితే కళ్లలో నీళ్లొస్తున్నాయట.

సాయంత్రం పక్కింటి భూదవ్వ వచ్చి, పిల్ల పొట్ట నొక్కి చూసి తీర్పు చెప్పింది. "గిది ఇరవై నాలుగు గంటల నొప్పి టీచరమ్మా. మా ఆడిబిడ్డ కొడుక్కు గిట్లనే వచ్చె. దినం దాటితే పేగు పగుల్తది."

"వారం కావస్తుంది కదనే, పగల్లేదు మరి" అన్నాను.

"గది దేవుని దయ."

మందుల కొట్టు వెనక సూది వేసే రమేశ్ కూడా అదే మాట అన్నాడు. అపెండిక్స్, తీసేస్తే పీడా పోతుంది, తెలిసిన ఆసుపత్రి ఉంది, రేపే చేయిస్తానన్నాడు. స్కాన్ లేకుండా కత్తి ఎలా పెడతారని అడిగాను. "కుడి పక్క నొప్పంటే గదే ఉంటది టీచరమ్మా" అన్నాడు. ఇలాంటి రుజువును నేను తొమ్మిదో తరగతి పిల్లల దగ్గర కూడా ఒప్పుకోలేదు.

శనివారం కామారెడ్డికి మేమే పోతాం.

పోయిన నెల నొప్పి వచ్చినప్పుడు శ్రమకాలం మొదలే కాలేదు. ఇది ఇప్పుడు రాస్తుంటే తట్టింది.

22 మార్చి, శనివారం

కామారెడ్డి వెళ్లి వచ్చాం. ఆడవాళ్ల డాక్టరు తహ్మీనా గారికి చూపించాం. వయసు నలభై లోపే. తొందరపడని మనిషి. అపెండిక్స్ కాదు. స్కాన్‌లో కుడి వైపు అండాశయం మీద నీటి తిత్తి కనబడింది. పెద్ద నిమ్మకాయంత.

నాకు అర్థమయ్యేదాకా లేవనని చెప్పాను. ఆమె నవ్వి, కాగితం తీసుకుని బొమ్మ గీసి చెప్పారు. మరిచిపోకుండా ఆమె మాటల్లోనే రాసి పెడుతున్నాను.

"నెల నెలా అండాశయంల ఒక చిన్న నీటి తిత్తి పెరుగుతదమ్మా, ద్రాక్షపండంత. దాంట్ల అండం ఉంటది. నెల నడుమ ఆ తిత్తి పగిలి అండం బయటికొస్తది. పగిలినప్పుడు పడ్డ నీళ్లు, చుక్క రక్తం, లోపలి పొరకు తగులుతయి. ఆ పొరకు అది పడది. అందుకే కొందరికి నెల నడుమ ఒక పక్క నొస్తది. ఏ పక్క అండం వస్తే ఆ పక్క. ఒక పూటనో, రెండు దినాలో. అది రోగం కాదు. వేడి నీళ్ల కాపడం పెట్టి, ఒక గోలీ వేసుకుంటే సరిపోతది."

"మరి ఈ నెల పోలేదేం?"

"ఈ నెల తిత్తి పగల్లేదు. పగలకుంట నీళ్లు నింపుకుంట పోయింది. పెరిగినకొద్దీ పైపొర గుంజుకుంటది, చుట్టూ ఒత్తుతది. గదే ఈ బరువు."

"గడ్డనా?" అని అడిగాను.

"గడ్డ కాదమ్మా, నీళ్లే. లోపల గట్టిగ ఏం లేదు. ఈ వయసుల ఇట్లాంటివి చాలావరకు రెండు మూడు నెలసరులల్ల వాటంతటవే ఇంకిపోతయి. ఇప్పుడు కోసే పని లేదు. మే నెలల మళ్ల స్కాన్ చేద్దాం."

ఉపవాసం వల్ల వచ్చిందా అని కూడా అడిగాను. అనిల నా చీర కొంగు లాగింది, అయినా అడిగాను.

"దానికి దీనికి సంబంధం లేదమ్మా. రంజాన్ నెల కద, నేను గూడ రోజా మీదనే ఉన్న. నాకు నొస్తలేదు."

కృప నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వితే నొప్పి పుట్టి ఆగిపోయింది.

చివరికి డాక్టరు గారు గొంతు మార్చి ఒక మాట చెప్పారు. దాని కింద గీత గీసి పెడుతున్నాను. "అండాశయం తీగకు కాయ లెక్క తొడిమ మీద ఉంటది. కాయ బరువైతే ఎప్పుడన్న తొడిమ మెలిపడ్తది. రక్తం అందదు. అప్పుడు నొప్పి ఒక్కసారే, ఓర్వలేనంత వస్తది, వాంతులైతయి. గోలీ వేసి చూద్దామని ఆగొద్దు. అన్నం తింటున్నా లేచి రావాలె. దుంకే ఆటలు గిట్ల వద్దు."

"కాలేజీ బస్సుల నిలబడుడే నాకు ఆట మేడం" అంది కృప.

దేవునికి స్తోత్రం. గడ్డ కాదు. నా లెక్క తప్పింది, రమేశ్ లెక్కా తప్పింది. కత్తికి పిల్లను ఇవ్వకుండా ఆగినందుకు నాకు నేనే సంతోషిస్తున్నాను.

23 మార్చి

చాలావరకు వాటంతటవే పోతాయని డాక్టరు గారు అన్నారు.

31 మార్చి, సోమవారం

రంజాన్ పండుగ. ఎదురు వీధిలో కిరాయి కారు నడిపే కలీమ్ ఇంటి నుంచి సేమ్యా వచ్చింది. అతని భార్య గులాబ్ బీ స్వయంగా తెచ్చింది. కృప రెండు గిన్నెలు తిన్నది. తినగలుగుతోందంటే తగ్గుతున్నట్టే.

భూదవ్వ పెరటి గోడ మీదుగా హెచ్చరించింది. "అండాశయం, తిత్తి, గిసొంటి మాటలు బయట అనకుండ్రి. పిల్లకు పెండ్లి కావాలె. గ్యాస్ అని చెప్పుండ్రి."

చాలావరకు వాటంతటవే పోతాయి.

6 ఏప్రిల్, ఆదివారం

ఆరాధన తర్వాత పాస్టరు అయ్యగారు నన్ను ఆపి, మంచి శుక్రవారం నాడు 'దప్పిగొనుచున్నాను' అనే ఐదో మాట మీద మీరు చెప్పాలి టీచరమ్మా అన్నారు. మా సంఘంలో యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలను ఏడుగురు మగవాళ్లే చెబుతూ వచ్చారు. నేను ఆలోచించి చెబుతానన్నాను. ఇంటికి రాకముందే కృప ఊరంతా చెప్పేసింది.

10 ఏప్రిల్

ప్రసంగం పొడవు ఎక్కువైంది. కృప మంచం మీద పడుకుని, ఫోన్‌లో గడియారం పెట్టి వింటోంది. "అవ్వా, నడిమిట్ల రెండు వాక్యాలు తీసెయ్. అందరు నీళ్లు తాగకుంట కూసుంటరు, దాహం గురించి గంత పొడుగు చెప్తే పాపం తగుల్తది."

తీసేశాను. బాగైంది. అది వేరే సంగతి.

13 ఏప్రిల్, మట్టల ఆదివారం

నొప్పి ఉందా అని అడిగాను. లేదంది.

19 ఏప్రిల్, శనివారం. కామారెడ్డి ఆసుపత్రి

నిన్న రాయలేదు. అనిల కృప మంచం పక్కన కునుకు తీస్తోంది. నేను వరండాలో కుర్చీలో కూర్చుని రాస్తున్నాను.

నిన్న ఆరాధన పన్నెండుకు మొదలైంది. మూడింటి దాకా ఎవరూ లేవరు, అది మా పద్ధతి. ఏడు మాటలు చెప్పేవాళ్లం వేదిక మీద, సంఘానికి ఎదురుగా కూర్చున్నాం. కృప ఆడవాళ్ల వైపు చాప మీద, కిటికీ పక్కన. అనిల వెనక తలుపు దగ్గర.

మూడో మాట దగ్గర చూశాను. కృప మోకాళ్లు ముడుచుకుని, తల మోకాళ్ల మీద పెట్టుకుని వంగి ఉంది. రెండు చేతులూ ఒడిలో దాచుకుంది. మిగతా ఆడపిల్లలు విసనకర్రలు ఊపుకుంటూ అటూ ఇటూ చూస్తున్నారు. మా పిల్ల ఒక్కతే వంగి ఉంది. ఇంత భక్తి ఎప్పుడు వచ్చింది దీనికి అని నా మనసు నిండిపోయింది. పక్కనున్న పెద్దమనిషికి కనుసైగతో చూపించాను కూడా. నాలుగో మాట నడిచినంతసేపూ అలాగే ఉంది. నాలుగో మాట నడిచినంతసేపూ నేను సంతోషిస్తూనే ఉన్నాను.

నా పేరు పిలిచారు. మైకు తీసుకుని నిలబడ్డాను. నా మాట వినడానికి కృప తల ఎత్తింది. మొహం బూడిద రంగులో ఉంది. పెదవులు తెల్లబడ్డాయి. నాకేసి నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే వాంతి వచ్చింది. కడుపులో ఏమీ లేదు, పసరే పడింది.

అన్నం తింటున్నా లేచి రావాలె.

నేను ఏమన్నానో నాకు గుర్తు లేదు. "అయ్యగారూ, నా మాట మీరే చెప్పుండ్రి" అని మైకులోనే అన్నానట. వేదిక మెట్లు ఎలా దిగానో కూడా తెలియదు.

శుక్రవారం, నమాజు వేళ. కలీమ్ కారు మసీదు ముందు ఉంది. గోల విని వచ్చిన భూదవ్వ, రోజూ మోకాళ్ల నొప్పులని చెప్పుకునే మనిషి, చెప్పులు కూడా వేసుకోకుండా అతన్ని పిలవడానికి పరుగెత్తింది. కలీమ్ తడి చేతులతో, నెత్తిన టోపీతో అలాగే వచ్చాడు. నమాజుకు వరుసలో నిలబడబోతున్నవాడు. ఊరు దాటాక నాకు తట్టింది.

"నమాజు పోయింది కద బిడ్డా."

"కామారెడ్డిల చదువుకుంట టీచరమ్మా. అల్లాకు తెలువదా? మీరు పిల్లను గట్టిగ పట్టుకోండ్రి, ముంగట గుంతలున్నయి."

కృప ఒకసారి అరిచింది. తర్వాత అరవలేదు. అరవకపోవడం ఎక్కువ భయపెట్టింది.

డాక్టరు తహ్మీనా గారు స్కాన్ చేస్తూ తెర మీదికి వంగి చాలాసేపు చూశారు. "మెలిపడ్డదమ్మా. రక్తం సరిగ అందుతలేదు. ఇప్పుడే లోపలికి తీసుకపోతం."

"అండాశయం దక్కుతదా?"

"లోపల చూస్తెగాని చెప్పలేను. దక్కించెటందుకే చూస్త. నల్లబడి చచ్చిపోయి ఉంటే తీసెయ్యవలసి వస్తది. దానికి గూడ సంతకం కావాలె."

అనిల కాగితం పట్టుకుని నాకేసి చూసింది. నేను కృప చేతికి ఇమ్మన్నాను. పంతొమ్మిది నిండిన పిల్ల, ఆమె శరీరం. ఆమెకే అర్థమయ్యేలా చదివి వినిపించాను. వంకర గీతలా సంతకం చేసింది.

మత్తు డాక్టరు వచ్చి చివరిసారి ఎప్పుడు తిన్నదని అడిగారు. ముందు రోజు రాత్రి, అప్పటి నుంచి నీళ్లు కూడా ముట్టలేదని చెప్పాను. "మంచిగైంది, ఆగే పని లేదు" అన్నారు. మంచం మీద తోసుకుపోతుంటే కృప కళ్లు మూసుకునే అంది, "ఉపవాసం కాడ గెలిచినవ్ లే అవ్వా."

నా కొడుకు సుందర్ బాన్సువాడ డిపోలో బస్సు అప్పగించి, ఖాకీ బట్టలతోనే వచ్చాడు. వేదిక మీద చెప్పవలసిన ప్రసంగం ఒక్క ముక్క కూడా నాకు గుర్తు రాలేదు. ప్రార్థన కూడా రాలేదు. నిమ్మకాయ, ద్రాక్షపండు, తొడిమ, ఇవే తిరిగాయి.

డాక్టరు గారు బయటికి వచ్చి ముసుగు తీశారు. "రెండు చుట్లు మెలిపడ్డది. నేరేడు పండు రంగుల ఉండె. మెలి విప్పి, ఆగి చూసినం. మెల్లగ రంగు మళ్లింది. తిత్తి తీసేసినం. అండాశయం ఉంచినం."

"పని చేస్తదా?"

"చాలావరకు కోలుకుంటయి. ఇంకొంచెం ఆగితే ఏమయ్యేదో. కొన్ని నెలలు పోనియ్యుండ్రి."

సుందర్ గోడకు తిరిగి ఏడ్చాడు. కలీమ్ అతని భుజం మీద చెయ్యి వేసి చాయ్‌కి తీసుకుపోయాడు. నేను ఏడవలేదు.

20 ఏప్రిల్, పునరుత్థాన ఆదివారం

ఆసుపత్రిలోనే. కృప ఇడ్లీ తిన్నది. డాక్టరు తహ్మీనా గారు తలుపు దగ్గర నిలబడి, మీ పండుగ కద అని శుభాకాంక్షలు చెప్పి పోయారు. అరవై ఏళ్లలో ఈ ఆదివారం నేను గుడిలో లేకపోవడం ఇదే మొదలు. ఏదీ తక్కువ అనిపించలేదు.

22 ఏప్రిల్, మంగళవారం. ఎల్లారెడ్డి

ఇంటికి వచ్చాం. గులాబ్ బీ జావ పంపింది. భూదవ్వ గుమ్మం దగ్గర దిష్టి తీయబోయింది. మా ఇంట్లో అవన్నీ లేవని నలభై ఏళ్లుగా చెబుతున్నాను. ఈసారి చెప్పలేదు. తీయనీ.

మధ్యాహ్నం కృపను అడిగాను.

"ఎప్పుడు మొదలైంది నొప్పి?"

"రెండో మాట కాడ."

"మరి చెప్పలేదేం? మీ అమ్మ వెనకనే ఉండె. నాకు భయపడ్డవా?"

"భయమా? నీకా?" నవ్వింది, కుట్లు పట్టుకుని. "గా ఐదో మాట కోసం నువ్వు ఎన్ని దినాలసంది చదువుతున్నవ్. నాకే నోటికొచ్చింది. మగోళ్లందరి నడుమ నువ్వు నిలబడుడు చూద్దామనుకున్న. నీదొక్కటి అయినంక చెప్దామని పండ్లు బిగబట్టిన."

"డాక్టరమ్మ ఏం చెప్పింది? అన్నం తింటున్నా లేవమనలే?"

"అన్నం కాడ లేవమన్నది. గుడిల ఉంటే ఏం చెయ్యాల్నో చెప్పలే."

తిట్టాను. మాట పోతే వచ్చే ఏడు మళ్లీ వస్తుంది, నీ ఒంట్లో భాగం మళ్లీ వస్తుందా అని తిట్టాను. అది తల వంచుకుంది. తల వంచుకోవద్దని, నా మొహం చూడమని మళ్లీ తిట్టాను. తర్వాత పెరట్లోకి పోయి బట్టలు తీశాను. అవి ఇంకా ఆరలేదు. మళ్లీ వేశాను.

నాకు భయపడి దాచిందని నాలుగు రోజులుగా అనుకుంటున్నాను. అది కాదు. ఈ మాటకు నేను ఎలా స్తోత్రం చెప్పాలో తెలియడం లేదు.

11 మే, ఆదివారం

ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టాం. చాపలు చాలక కలీమ్ ఇంటి నుంచి తెచ్చాం. పొద్దుటి నుంచి భూదవ్వ నా వెనకే తిరిగింది.

"సాక్ష్యంల అపెండిస్ అని చెప్పుండ్రి టీచరమ్మా. అబద్ధం గూడ కాదు, గదే పక్క కద."

"పక్క ఒకటైతే పేరు ఒకటైతదా?"

"మీ లెక్కలు మీవి. పిల్ల పెండ్లి కాడ ఎవలన్న అడుగుతరు."

"అడుగుతె కృపనే చెప్తది."

కృపను ముందే అడిగాను. "చెప్పవ్వా, నాకేం సిగ్గు" అంది. అయ్యగారి ముందు, మగవాళ్ల ముందు నిలబడి, మామూలు గొంతుతోనే చెప్పాను. ఆడపిల్లకు అండాశయాలు ఉంటాయని, నెల నెలా అక్కడ తిత్తి పెరిగి పగులుతుందని, పగలకపోతే బరువవుతుందని, బరువైతే మెలిపడవచ్చునని. నా మనుమరాలు నొప్పితో వంగి ఉంటే ప్రార్థన అనుకున్నానని కూడా చెప్పాను. సుందర్ నేల చూశాడు. అయ్యగారు తల ఊపారు. కృప నేరుగా నన్నే చూసింది.

భోజనాల దగ్గర ఆకులు వేస్తుంటే ఒక్కొక్కరే దగ్గరికి వచ్చారు. ఒకామెకు పెళ్లి కాకముందు నుంచి నెల నడుమ నొప్పి, గ్యాస్ గోలీలు మింగుతోందట. ఇంకొకామె కూతురికి అపెండిక్స్ అని తీశారు, నొప్పి అలాగే ఉందట. డాక్టరు గారి చిరునామా ముగ్గురు అడిగారు. అందరూ పోయాక భూదవ్వ గిన్నెలు తోముతూ, నా వైపు చూడకుండా అడిగింది.

"మా చిన్న కోడలికి గూడ గట్లనే నొస్తది. కామారెడ్డిల గామె ఏ దినాలు కూసుంటది?"

31 మే, శనివారం

స్కాన్ అయింది. తిత్తి లేదు. కుడి అండాశయం మామూలు సైజుకు వచ్చింది, రక్తం అందుతోంది. "ఇగ అండం విడుస్తుందా లేదా అనేది అదే చూపిస్తది. తొందర పడకుండ్రి" అన్నారు డాక్టరు గారు. నేను తొందరపడటం లేదు. ఈ నెల నొప్పి రాలేదా అని కృపను అడిగాను, అంతే. ఎడమ పక్క కొద్దిగా వచ్చిందట.

ఎడమ పక్క.

18 జూన్, బుధవారం

కృప కాలేజీ నుంచి వచ్చి బ్యాగు పడేసి కుర్చీలో కూర్చుంది.

"అవ్వా, నొస్తుంది."

నేను లేచాను. "ఒక్కసారే వచ్చిందా?"

"కాదు. మెల్లగ."

"కడుపుల తిప్పుతుందా? వాంతికి వస్తుందా?"

"లేదు."

"నడువు. ఆ తలుపు దాకా నడిచి రా."

నడిచింది. వంగకుండా నడిచింది. "గిచ్చినట్టు ఉన్నదవ్వా. ఎప్పటి లెక్కనే. నెల నడుమ కద."

"ఏ పక్క?"

నా గొంతు విని అనిల వంటింట్లోంచి గరిటెతో బయటికి వచ్చింది.

"కుడి" అంది కృప.

అయినా డాక్టరు గారికి ఫోన్ చేశాను. ఆమె అన్నీ అడిగి, వేడి నీళ్ల కాపడం పెట్టమన్నారు, పెరిగితే రమ్మన్నారు. ఫోన్ పెట్టేముందు "ముబారక్ అమ్మా" అన్నారు. ఆ మాటకు నాకు ఏడుపు వచ్చింది. అనిలకు ముందే వచ్చింది. పిల్ల నీళ్ల సంచి పొట్ట మీద పెట్టుకుని మా ఇద్దరినీ వింతగా చూసింది. "నొప్పి నాకు. ఏడుపు మీకు."

రాత్రి అన్నాల ముందు ప్రార్థన నేనే చేశాను. ఈ అన్నం కోసం, కలీమ్ కోసం, భూదవ్వ కాళ్ల కోసం, డాక్టరు తహ్మీనా గారి చేతుల కోసం. తర్వాత, ఈ పిల్లకు నీవిచ్చిన ఈ కుడి పక్క నొప్పి కోసం వందనాలు ప్రభువా అన్నాను.

కృప ఒక కన్ను తెరిచింది.

"వచ్చే నెల జర్ర తక్కువ ఇయ్యమని గూడ అడుగవ్వా."

అడిగాను.